మార్చుకొను స్వాతంత్ర్యము

సంఘసంస్కారమును గోరువారికి రెండు ప్రక్కలనుండి రెండు వాదములు వినవచ్చుచుండును. పూర్వాచారములలో నొక్కదానిని విడిచినను జాతి నశించునని యొకరందురు. ఆచారములన్నియు నజ్ఞానచిహ్నములే గావున చిన్నజాతులు పెద్దజాతులలో గలిసిపోవుటయే నాగరికతయని మఱియొకరందురు. ఈ వాదములు పైకి పరస్పరవిరుద్ధములుగ గన్పట్టినను, లోతున నొక్క తలంపునందే పాదుకొని యున్నవని మా యభిప్రాయము. జాతి యనగా నాచారముల మూటయని యిరువురును నమ్ముదురు. మూటను విప్పవలదని యొకరును, దానిని పాఱవేయుమని యొకరును బోధింతురు. ఆ మూటను మోయుచున్న మనుష్యుని యభిప్రాయ మడుగవలెనన్న తలంపు మాత్రము ఇరువురికిని గలుగదు.

ఈ విషయమును గాలిలో విచారించుటకంటె నొక జాతి చరిత్రము నెదుట బెట్టుకొని విచారించుట మేలు. బోర్నియో ద్వీపమున మలేషియా సమాఖ్యకు జేరిన సారవాకు రాష్ట్రము గలదు. ఆ రాష్ట్రపు నైరృతిభాగమున, ముఖ్యపట్టణమైన కూచింగునకు వెలుపల, లుండు, బావు, పడవాన్, సెరియాన్ అను సీమలలో బిదాయూ లను జనులు నివసించుచున్నారు. రాష్ట్రమందలి సుమారు 25 లక్షల జనులలో వీరు సుమారు 2 లక్షలు. సరిహద్దు కావల ఇండొనీషియాకు జేరిన పశ్చిమ కాలిమంతానులోను వీరి బంధువర్గములు గలవు. కొండచరియల యందలి యడవిని నఱికి కాల్చి వరి చల్లుట, ముండ్లతొక్క గల దురియను మొదలగు ఫలవృక్షములను బెంచుట, వెదురుతో నింటిని, వంతెనను, నీటిగొట్టమును, వాద్యమును గూడ జేసికొనుట వీరి పూర్వజీవనము. ప్రభువులు, దాసులు అను తరగతిభేదములు వీరిలో వేరూన లేదు. తండ్రి యాస్తివలెనే తల్లి యాస్తియు బిడ్డలకు సంక్రమించుచుండెను.

గడచిన నూట ఎనుబది యేండ్లలో వీరి పేరును, మతమును, ఇల్లును, భాషయు, భూమియు నేదో యొక మార్పునకు లోనైనవి. ఐనను "మేము బిదాయూలము" అని వారు చెప్పుకొనుచునే యున్నారు. ఆ "ఐనను" అను చిన్నమాటలో నేమి యిమిడియున్నదో తెలిసికొనవలెనని మా కోరిక. అది తెలిసెనేని, ఏ మార్పు వృద్ధియో, ఏ మార్పు అపహరణమో వేఱుపఱచుటకు మనకొక కొలబద్ద దొరకును.

ముందుగా పేరును జూతము. ఇంగ్లీషువారు సారవాకునకు వచ్చినపుడు, యుద్ధపు పడవలెక్కి సముద్రముదాక వచ్చుచుండిన ఇబాను జాతివారిని "సముద్రపు దయాకులు" అనియు, కొండలలో నుండెడు వీరిని "నేల దయాకులు" అనియు బిలిచిరి. అది పరిపాలకుల సౌకర్యమునకై పుట్టిన పేరు. ఆ పేరే చట్టముల కెక్కెను. 1963లో మలేషియా యేర్పడినపుడు రాజ్యాంగపు 161ఏ అధికరణమునను నిలిచెను. వారి మాటలో "బి" యనగా జనులు. "దాయూ" యనగా లోనాడు. లోనాటి జనులమని వారు తమ్ము జెప్పుకొందురు. సారవాకు చట్టమున పాత పేరు పోయి "బిదాయూ" యను పేరు 2002లో ప్రవేశించెను. సమాఖ్యరాజ్యాంగమందలి పాత జాబితా 2022లో గాని తొలగలేదు. పేరు మాఱినంతనే పళ్లెములో నన్న మధికమగునా యని పరిహసించువారు గలరు. అధికము గాదు. కాని తల్లి తన్ను బిలుచు పేరుతోనే కచ్చేరీలోను బిలువబడుట గౌరవమో కాదో ఆ పరిహాసకులు తమ్ము దామే యడిగికొనవలెను.

పేరుతో ముడివడిన చిక్కు మఱియొకటి గలదు. మలేషియా దరఖాస్తు పత్రములలో మలయులు, చీనులు, భారతీయులు, ఇతరులు అని నాలుగు గడులుండుట చిరకాలపు వాడుక. తాము పుట్టిన గడ్డమీదనే "ఇతరులు" అను గడిలో గుర్తు పెట్టవలసివచ్చెనని బోర్నియో ఆదివాసులు మొఱపెట్టుకొనిరి. అదియుగాక, సారవాకు ఆదివాసి యనిపించుకొనుటకు తల్లివైపునను దండ్రివైపునను ఆదివాసుల సంతతియే కావలెనని 161ఏ అధికరణము విధించెను. బిదాయూ తల్లికిని చీనా తండ్రికిని బుట్టిన బిడ్డ అమ్మమ్మ యింట బెరిగి, ఆమె భాషయే పలుకుచు, ఆమె వరిచేనిలోనే పని చేసినను, చట్టము దృష్టిలో నా జాతివాడు గాడు. బిడ్డ యెవ్వరిదో తల్లి యెఱుగును, ఊరెఱుగును. చట్ట మొక్కటియే యెఱుగదు. 2022 నాటి సవరణముతో నా నిర్ణయము సారవాకు రాష్ట్రచట్టమునకు వదలబడినది. తమవారెవరో నిర్ణయించుకొను నధికార మట్లు కొంత యింటికి దగ్గఱయ్యెను.

ఇట్లు చెప్పినంతమాత్రమున, ఒక జాతి తన వాడుకయని యేమి చేసినను ఇతరులు నోరు మెదపగూడదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనది. దానికి బిదాయూల చరిత్రయే జవాబు చెప్పగలదు. పూర్వము వారి గ్రామములలో బారుకు అను మందిర ముండెడిది. ఎత్తైన కంబములపై గుండ్రముగ గట్టి, వాలైన యెత్తు పైకప్పు వేసిన యిల్లది. పెద్దలు సభదీర్చుట యందే. పెండ్లికాని యువకులు పండుకొనుట యందే. పరదేశికి బస యందే. ప్రకృతిశాస్త్రజ్ఞుడగు ఆల్ఫ్రెడ్ వాలేసు 1855లో సారవాకున దిరుగుచు నట్టి యింట బస చేసి, దానిని దన గ్రంథమున వర్ణించెను. ఆ యింటి దూలములకు మనుష్యుల కపాలములు వ్రేలాడుచుండెను. అవి యుద్ధములలో దెచ్చిన శత్రువుల తలలు. వానికి పూజలు జరుగుచుండెను. గ్రామక్షేమము వానియందున్నదని జనులు నమ్మియుండిరి.

ఈ యాచారముచే బిదాయూలే మిక్కిలి నష్టపడిరనుటయు సత్యమే. 1830 ప్రాంతముల వారి నాడు బ్రూనై సుల్తాను ప్రతినిధి చేతిలో నుండెను. అంజనపు గనులలో వెట్టిచాకిరికి గట్టబడి, తాళలేక, 1836లో వారును స్థానికులైన మలయులును తిరుగుబాటు చేసిరి. ఆ కలహకాలముననే, 1838లో, బ్రాతాకు కొండమీది వారి గ్రామముపై ఇబానులు దండెత్తి, పెక్కండ్రను జంపి, స్త్రీలను జెఱగొనిపోయిరి. ఆ కొండ సంతతివారు నేటికిని మే 1వ తేదీని ఆ దినమును స్మరించుచుందురు. తిరుగుబాటు నణచుటకు సుల్తాను పక్షమువారికి దోడ్పడిన జేమ్సు బ్రూకు అను నింగ్లీషువాడు 1841లో సారవాకునకు రాజయ్యెను. ఆ కుటుంబము 1946వఱకు నేలెను. తలలు నఱకుటను క్రమముగ మాన్పించినది ఆ ప్రభుత్వమే.

మాన్పించుట తప్పా? తప్పు గాదని మేము నిస్సంశయముగ జెప్పుదుము. ఏలయనగా, ఆచారమునకు బలియైన తల ఆచరించువానిది గాదు. దాని యజమానుని సమ్మతి యెవ్వరు నడుగలేదు. ఎవని మెడపై కత్తి పడునో వానికి "ఇది మా పూర్వాచారము" అను మాట జవాబు కాజాలదు. పరుని ప్రాణమును హరించు నాచారమును నిలుపుటకు పరునకు హక్కు గలదు. సహగమనమును, శిశువధను ఖండించిన మన సంస్కర్తలు నిలిచినది యీ సూత్రముమీదనే. కాని దండనాధికారము పట్టినవారి చేతులు శుద్ధముగా నున్నవా యని గూడ మనము చూడవలెను. సామాన్యకాలమున దలలు నఱకుటను నిషేధించిన ఆ ప్రభుత్వమే, తనకు లొంగనివారిని శిక్షించుటకు ఇబానులను దండులుగ బంపి, వారు తలలు తెచ్చుకొనుటను సహించెను. ధర్మము పేర వచ్చు నధికారము తన ప్రయోజనమునకై ధర్మమును వంచుట కిది యుదాహరణము.

ఇంతకంటె గమనింపదగిన దింకొకటి గలదు. తలలు నఱకుట పోయినను బారుకు పోలేదు. పడవాన్ సీమలో అన్నా రాయిస్ అను గ్రామమున పాత కపాలములు కొన్ని యినుపచట్రములో నిప్పటికిని భద్రముగ నుంచబడినవి. ఇతర గ్రామములు కొన్ని సభలకును, పండుగలకును బారుకును మరల గట్టుకొన్నవి. రాజు చెప్పినది హత్య మానుమని మాత్రమే. ఆ యింటిలో సభ యుండవలెనా, అతిథి యుండవలెనా, యువకుల పాట యుండవలెనా యన్న నిర్ణయము గ్రామస్థులది. పాపమును విడిచి గృహమును నిలుపుకొనుట యెట్లో వారే కనుగొనిరి. ఇంటిలో బాము దూఱెనని యింటికి నిప్పు పెట్టుమను సంస్కర్తయు, ఇల్లు పాతదని పామును బూజించు ఛాందసుడును వీరివద్ద నేర్చుకొనవలసిన దున్నది.

ఇక మతము. ఆంగ్లికను మిషనరీలు 1848లో కూచింగు చేరిరి. రోమను కాథలిక్కులు 1881లో వచ్చిరి. 1885లో ఫెలిక్సు వెస్టర్‌వౌట్ అను డచ్చిదేశపు మతగురువు సింగాయ్ కొండమీద బిదాయూల నడుమ గాపురము పెట్టెను. ఐనను జనులలో నధికసంఖ్యాకులు క్రైస్తవులగుట యిరువదవ శతాబ్దపు టుత్తరార్ధముననే జరిగినది. పూర్వమతమున నిషేధదినములు పెక్కు. ఆ దినములలో బొలమునకు బోరాదు, పరులను గ్రామములోనికి రానీయరాదు. బడులు, ఉద్యోగములు వచ్చినపిమ్మట ఈ నియమములు సాగవయ్యెనని మతము మార్చుకొన్నవారు చెప్పుదురు. వరికోత పండుగయైన గావాయిలో వరికి బ్రాణమున్నదని తలచి దానిని బిలిచి పూజించెడు వృద్ధపూజారిణులు, దాయుంగు బోరిసు అనువారు, గ్రామములలో నానాటికి దగ్గిపోయిరి. వారి మంత్రములు నేర్చుకొను కోడండ్రు గాని కూతుండ్రు గాని లేకపోయిరి.

అట్లైన క్రైస్తవుడైన బిదాయూ బిదాయూ గాడా? వారు తమ బైబిలునందు దేవుని "తాపా" యని తమ పూర్వుల సృష్టికర్త పేరుతోనే పిలుచుచున్నారు. పాత మతమును విడువని తల్లిదండ్రులతో క్రైస్తవులైన బిడ్డలొకే యింట నుండి, పండుగ పనులకు దోడ్పడిన గ్రామములు గలవు. ప్రతి గ్రామము తన కోతను బట్టి చేసికొనుచుండిన గావాయి, 1965 మొదలు జూన్ 1వ తేదీని దయాకు జాతులన్నిటికి రాష్ట్రపండుగయైనది. పూజ తగ్గినది, పండుగ మిగిలినది. ఇందు నష్టము లేదని మేము చెప్పము. వరితో మాటలాడగల ముసలమ్మ మరణించినపుడు లోకమందలి యొక జ్ఞానము మరణించినట్లే. కాని యా జ్ఞానమును విడిచినవారు దాని వారసులే; దేవుని మార్చుకొనునపుడు సయితము దేవుని పేరును దమ నోటినుండి పోనీయలేదు. మా కొలబద్ద కిది యొక గుర్తు.

దీనికి భిన్నమైన దొకటి గలదు. ఇస్లామును స్వీకరించిన బిదాయూను గూర్చి "మలయులలో బ్రవేశించెను" అని చెప్పుట ఆ దేశమున వాడుక. మతము మార్చుకొన్నవాడు జాతిని గూడ మార్చుకొన్నట్లే యెంచబడును. ఇందు మతము యొక్క దోష మేమియు లేదు. మసీదున గాని చర్చిలో గాని ప్రార్థించువాడు తాత భాషను మఱచిపోవలెనని యే దేవుడును గోరలేదు. చేర్చుకొనువారు "ఇక నీవు మావాడవు" అనియు, ఇంటివారు "ఇక నీవు మావాడవు గావు" అనియు చెప్పుట చేతనే యీ యన్యాయము నడచుచున్నది. ఇరువురును ఆ మనుష్యుని హృదయమును రెండుగ జీల్చువారే. మతాంతరవివాహములు, కులాంతరవివాహములు చేసికొన్న బిడ్డలను వాకిటనుండియే పంపివేసిన మన యిండ్ల పెద్దలకు ఈ మాట నూతనము గాదు.

స్త్రీల విషయమును గూర్చి యొక మాట. పడవాన్ కొండలలోని సెంబాన్ గ్రామమున స్త్రీలు చిన్నతనముననే ముంజేతులకును పిక్కలకును ఇత్తడి రాగి కడియములను వరుసగ జుట్టుకొని, వానిని దీయక జీవితమంతయు ధరించుచుండిరి. ఇప్పుడట్టివారు కొలదిమంది వృద్ధురాండ్రు మాత్రమే మిగిలిరి. వారి చిత్రములను దీసికొనుటకు దూరదేశములనుండి యాత్రికులు వచ్చిరి. "అయ్యో, ఈ యలంకారము నశించిపోవుచున్నదే" యని విచారించిరి. ఆ విచారము నిష్కపటమే కావచ్చును. కాని చిత్రము తీసికొనిపోవువాని కాళ్లకు బరువు లేదు. ఆ కడియములతో గొండలెక్కవలసినది ఆ యూరి బాలిక. ఆమె వలదన్నచో నా "వలదు" అనుటయు నామె జాతి చరిత్రలో భాగమే. ధరించిన ముసలమ్మను మోటదని నవ్వుటయు, ధరింపని మనుమరాలిని ద్రోహియని నిందించుటయు రెండును స్త్రీ శరీరముపై ఇతరులు సాగించు పెత్తనమే.

ఆ సెంబాన్ గ్రామమునకే మఱియొక మార్పు వచ్చినది. అది మనుమరాలి యిష్టమునకు లోబడినది గాదు. కూచింగు నగరమునకు నీరు చాలకపోగా బెంగో నదిపై నానకట్ట తలపెట్టబడెను. 2010 ప్రాంతమున దాని కట్టడము ముగిసెను. తాబా సాయిత్, పైన్ బోజోంగ్, రెజోయి, సెంబాన్ అను నాలుగు బిదాయూ గ్రామములవారు, సుమారు 200 కుటుంబములు, సెమదాంగ్ వద్ద గట్టిన క్రొత్త యిండ్లకు దరలవలసివచ్చెను. కొందఱు తరలిరి. కొందఱు తరలమని, నీటిమట్టమునకు మీదుగ నున్న తమ పూర్వుల నేలపైకి ఎక్కి, అక్కడ వెదురుతో మరల నిండ్లు గట్టుకొనిరి.

నగరవాసుల దప్పియు సత్యమే. రోడ్డు, బడి, వైద్యశాల దగ్గఱయగుట మేలనుటయు సత్యమే. తరలినవారు మూర్ఖులనిగాని, తరలనివారు మూర్ఖులనిగాని యనుటకు మేము సాహసింపము. కాని యొక విషయమును జూడుడు. బిదాయూల గ్రామమున దురియను చెట్టు, నాటిన తాత సంతతి కంతటికి జెందును. పండు రాలు కాలమున నెవరెవరికి వాటా గలదో చెప్పుకొనుటలో మూడు నాలుగు తరముల చుట్టఱికము వల్లె వేయబడును. ఆ చెట్టు వారికి వంశవృక్షము, దస్తావేజు, బంధువులను గూర్చు పండుగ. చెట్టునకు వెల కట్టి సొమ్ము చేతిలో బెట్టినచో బండ్లకు బరిహారము ముట్టును, చుట్టఱికమునకు ముట్టదు. కనుక "పరిహార మిచ్చితిమి గదా" యని ప్రశ్నను ముగించుటకు వీలు లేదు. పెద్దసంఘపు క్షేమమునకై చిన్నసంఘము నష్టపడవలసినపుడు, ఎంత నష్టపడుచున్నదో చెప్పవలసినది చిన్నసంఘమే. ఆ మాటను ముందుగ విని పిమ్మట గొలతలు వేయుట న్యాయము. కొలతలు వేసి పిమ్మట వినుట మర్యాద మాత్రమే.

ఇక భాషను గూర్చి. బిదాయూ భాష యని మన మొక్క పేరుతో బిలుచుచున్నను, బావు-జాగోయి, బియాతా, బుకార్-సాదోంగ్, సలాకో అను మాటతీరులు ఒకదాని కొకటి యంతగా దెలియవు. లుండు వాడును సెరియాన్ వాడును గలిసినపుడు తఱచుగ మలయు భాషలోగాని యింగ్లీషులోగాని మాటలాడుకొందురు. పాఠశాలలో ఇబాను భాషకు దొరకిన స్థానము బిదాయూకు దొరకకుండుటకు ఈ భేదమునే కారణముగ జెప్పుచు వచ్చిరి. పట్టణములకు జేరిన తల్లిదండ్రులు బిడ్డల కుద్యోగముల కక్కఱకు వచ్చు భాషలనే యింట వాడుట సాగెను. మెంతు తాపూ అను గ్రామమున తొమ్మిది రాత్రులు చెప్పబడెడి యొక కథను విలియం గెడ్డీసు అను పండితుడు 1957లో ఇంగ్లీషున బ్రకటించెను. కథ పుస్తకమున నిలిచినది. తొమ్మిది రాత్రులు మేలుకొని యా భాషలో వినగల పిల్లలు లేకున్న, నిలిచినది కథ శరీరమే గాని ప్రాణము గాదు.

ఈ యాపద గుర్తించి దయాక్ బిదాయూ జాతీయ సంఘమువారు 2001లో భాషాభివృద్ధి కార్యమునకు బూనుకొనిరి. 2007 మొదలుగ చిన్నపిల్లలకు తల్లిభాషలో నాటపాటల బడులు తెఱచిరి. వ్రాతకు సంబంధించి వారికి వచ్చిన ధర్మసందేహము మిక్కిలి విలువైనది. ఒక్క మాటతీరును బ్రమాణముగ నెంచి తక్కినవానిని దానికి లొంగదీసినచో బుస్తకములు సులభముగ వెలయును, పాఠశాలాధికారులును సంతసింతురు. కాని పెద్దజాతులు తమ్ము జేసిన యన్యాయమునే తమలోని చిన్నగ్రామములకు దాము చేసినట్లగును. అందుచే నక్షరముల కూర్పు అందఱకు నుమ్మడిగ నేర్పఱచుకొని, మాటలను మాత్రమెవరివి వారికి విడిచిరి. పని దీనివలన నాలస్యమగును. ఐనను, న్యాయమును గోరువాడు తనకంటె చిన్నవానికి న్యాయము చేయుటనుండి దాని నారంభింపవలెను గదా!

మన తెలుగువారి కిది దూరపు కథయని తోపరాదు. ఆ మలేషియాలోనే, ద్వీపకల్పభాగమున, రబ్బరుతోటల పనికై పందొమ్మిదవ శతాబ్దమునుండి తరలిపోయిన తెలుగువారి సంతతి గలదు. దరఖాస్తు గడిలో వారు భారతీయులు. భారతీయులలో నధికసంఖ్యాకులు తమిళులు గావున తోటల బడులలో బెక్కింట జదువు తమిళమే. చిన్నగుంపులో మఱింత చిన్నగుంపుగ నుండి, 1955లో నొక సంఘము గట్టుకొని, వారు భాషను గాపాడుకొనుటకు యత్నించుచు వచ్చిరి. అక్కడ మనము బిదాయూలవంటివారము. ఇక్కడ మన కొండల దగ్గఱ మన స్థానము వేఱు. సవరల కెదుట మనమే మలయులము, మనమే ఆంగ్లేయులము. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవరపిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించుటకు బాటుపడిరి. సవరబాలుడు తెలుగువాడైన గాని మనుష్యుడు గాడని వారు తలంపలేదు. వారి యడుగుజాడలో నెందఱు నడచిరో మన హృదయములకే తెలియును.

ఇంతవఱకు వచ్చినపిమ్మట మిగిలినది కష్టతరమైన ప్రశ్న. "మార్చుకొను స్వాతంత్ర్యమే జాతిప్రాణమందురు గదా. బిదాయూ తల్లిదండ్రులే తమ యిష్టముతో బిడ్డకు భాష నేర్పకున్న, మీకు వచ్చిన బాధ యేమి?" యని యడుగవచ్చును. దీనికి మేము రెండు మాటలు చెప్పెదము. మొదటిది, అన్నమునకు బోవు త్రోవ యొక్కటియే తెఱచి, తక్కినవానిని మూసి, ఆ త్రోవను బోయినవాని జూచి "తన యిష్టముతోనే పోయెను" అనుట సత్యము గాదు. తన భాషలో జదివినను, తన కొండపై నుండినను, తన దేవుని గొలిచినను బ్రదుకు సాగు లోకములో భాషను విడిచినవాడే యిష్టముతో విడిచినవాడు. అట్టి లోకమును గల్పించు భారము చిన్నజాతిపై లేదు. అధికసంఖ్యలో నున్నవారిపై నున్నది.

రెండవది, తల్లిదండ్రులు విడుచుచున్నది తమది మాత్రమే గాదు. బిడ్డకు రావలసిన దానినిగూడ వారు విడుచుచున్నారు. వినని భాషను బిడ్డ కాదనజాలడు. చూడని పండుగను వలదనజాలడు. సెంబాన్ మనుమరాలు కడియములను వలదనగలిగినది, అవ్వ చేతులపై వానిని జూచెను గనుక. క్రైస్తవుడు పాత పూజను విడువగలిగినది, దాని మధ్య బెరిగెను గనుక. తెలిసి విడుచుట స్వాతంత్ర్యము. తెలియక పోగొట్టుకొనుట దారిద్ర్యము. కావున పెద్దలు బిడ్డలకు వారసత్వమును జేతి కందీయవలెను. దానిని వారు దాచుకొందురో, మార్చుకొందురో, ప్రక్కన బెట్టుదురో వారి యిష్టము. ఇచ్చుట మాత్రము మన విధి.

సంస్కారప్రియులైన సోదరీసోదరులారా! ఆచారమును ఖండించునపుడు మన మడుగవలసిన మొదటి ప్రశ్న, దానివలన నెవ్వని సమ్మతి లేకుండ నెవ్వడు బాధపడుచున్నాడని. అట్టివాడున్నచో వెనుదీయ బనిలేదు. అట్టివాడు లేనిచో, ఆ యాచారమును మార్చు నధికారము దానిని మోయువారిది. మనది సలహా చెప్పుట, అడిగినపుడు తోడ్పడుట. బిదాయూలు కపాలముల నాటినుండి బైబిలు నాటిదాక, వెదురింటినుండి పట్టణపు టింటిదాక నడచివచ్చిరి. నడచిన కాళ్లు వారివైనంతవఱకు వారు బిదాయూలే. ఇతరులు మోసికొనిపోయిన చోటులనే వారు తమ్ము దాము వెదకికొనవలసివచ్చెను. మన యిరుగుపొరుగున నెవరిని మనమట్లు మోసికొనిపోవుచున్నామో విచారించుట నేడే యారంభింపదగిన పని.